గంపగుత్త ఓటు

మే 14, మంగళవారం

స్కూల్ బోర్డు సమావేశం. చర్చ లేకుండా అన్నీ ఒకే ఓటుతో తేల్చే గంపగుత్త జాబితా ఆరు–ఒకటితో నెగ్గింది. వద్దన్న ఆ ఒక్కడూ ఎప్పటిలాగే ఓరిన్ స్కార్. గంటా పది నిమిషాల్లో అయిపోయింది. మోకాలు ఒకటే సలుపు.

మే 15

పొద్దున ఏడింటికే ఆర్డిస్ అక్క ఫోను. అంత పొద్దున్నే ఆమె ఫోను చేసిందంటే ఎవరైనా పోయి ఉండాలి, లేదా ఆమెకు కోపం వచ్చి ఉండాలి.

"ఏమే లవాన్, మా బడి నర్సును పీకేశారట కదే!"

"పీకలేదక్కా, తగ్గించారు. వారానికి రెండు రోజులు వస్తుంది."

"తగ్గించారు అంటావేంటి? బోర్డులో ఉన్నది నువ్వా, పక్కింటావిడా?"

నిజమే, తగ్గించాం అనాలి. ఏడుగురిలో నేనూ ఒకదాన్ని. మా నార్డెన్ ప్రాంతం తరఫున కూచునేది కూడా నేనే. నార్డెన్ బళ్లో ఉన్నదే అరవై ఒక్క మంది పిల్లలు, ఒక నర్సు, వంటగదిలో మా అక్క.

"అయినా ఎప్పుడు మాట్లాడుకున్నారే దీని గురించి? నిన్నటి సమావేశంలో నర్సు మాటే రాలేదని మా బడి ఆఫీసు డోనా చెప్పింది."

"గంపగుత్తలో పోయిందక్కా."

"ఆ కట్టలోనా? జిమ్ములో బల్బులూ, పాల కాంట్రాక్టూ పెట్టే కట్టలోనా?"

"ఆ. ఇరవై మూడో అంశం. 'నార్డెన్ పాఠశాల, ఆరోగ్య సేవల పునర్వ్యవస్థీకరణ' అని రాశారు."

"ఆ మాట నోరు తిరగడానికే పూట పడుతుంది. సరే, కట్టలోంచి ఏదైనా బయటికి లాగాలంటే ఎవరో ఒకరు చెయ్యెత్తితే చాలన్నావు కదా నాతో. కారణం కూడా చెప్పక్కర్లేదన్నావు. మరి ఎత్తలేదేం?"

"పద్నాలుగు పేజీలక్కా. నేను పదకొండో పేజీ దాకా రాలేదు."

"పోనీలే, నీకూ పని ఎక్కువే, ఆ మోకాలొకటి," అంది. నమ్మేసింది.

మే 17

మందుల షాపుకు రషెల్ మాకీ వచ్చింది. కూతురు జూనీకి ఇన్సులిన్. జూనీకి ఏడేళ్లు. ఐదో ఏట షుగర్ అని తేలింది. అప్పట్నుంచీ నెలనెలా ఆ డబ్బా కౌంటరు మీదుగా అందించేది నేనే.

రషెల్ అడవిలోంచి దుంగలు మోసే లారీ నడుపుతుంది. చేతి తొడుగులు తీసి కౌంటరు మీద పెట్టింది.

"లవాన్ గారూ, నర్సు రాని మూడు రోజులూ ఆఫీసు గుమస్తా డోనా ఇస్తుందట సూది. ఆమెకి మూడు గంటల శిక్షణ అట. ఆ లారీ నా చేతికివ్వడానికి నాకు ఆరు వారాలు నేర్పారండీ. అదీ చెట్లు మొయ్యడానికి."

"డోనా జాగ్రత్త మనిషేనమ్మా."

"జాగ్రత్తే. కానీ పక్క ఫోను మోగుతుంటుంది, ఇంకో పిల్లోడు వాంతి చేసుకుంటుంటాడు. జూనీకి షుగర్ పడిపోతే నోటితో చెప్పదండీ. ఊరికే మాట్లాడ్డం మానేసి గోడకేసి చూస్తుంది. నర్సు బెట్టీన్‌కి అది తెలుసు. నేనేమో అడవిలో ఉంటాను, అక్కడ ఫోను పలకదు." తొడుగులు మళ్లీ వేసుకుంది. "మీరందరూ కూచుని మాట్లాడుకునే చేశారా ఇది?"

"లేదమ్మా, అది జాబితాలో పోయింది."

"పోయిందా? దానంతటదేనా?"

నేను చిల్లర లెక్కపెడుతున్నట్టు నటించాను. ఆమె కార్డుతో కట్టింది, ఇవ్వాల్సిన చిల్లరే లేదు.

మే 20

పదకొండో పేజీ దాకా రాలేదు. ఆ వారం షాపులో మనిషి తక్కువ. అంతే సంగతి.

మే 23

మా బడులన్నిటికీ పైఅధికారి వీమ్స్ గారు షాపుకొచ్చారు. దగ్గు బిళ్లలు. ఆయనకు దగ్గు లేదు.

"ఆ రోజు చాలా హుందాగా ఉన్నారండీ," అన్నారు.

"దేనికి?"

"అదే, అర్థం చేసుకున్నందుకు."

రసీదు చేతికిచ్చాను. ఇంటికొచ్చి రొట్టె మీద వేరుశెనగ ముద్ద రాసుకుని తిని, ఆరున్నరకే పడుకున్నాను. బయట ఇంకా పట్టపగలు.

మే 26, ఆదివారం

చర్చి అయ్యాక అక్క ఇంట్లో భోజనం. బంగాళాదుంప ముక్కల హాట్‌డిష్, మాంసం కలిపి ఓవెన్‌లో పెట్టేది. మొత్తం జిల్లాలో అది అక్కలా చేసేవాళ్లు లేరు, ఈ మాట ఆమె ముందు అనకూడదు, రెండో గరిటె వేస్తుంది. వేసింది.

జూనీ గురించే చెబుతోంది. పిల్ల పళ్లెంలో ఏం పెడితే ఎంత పిండిపదార్థమో అక్క రోజూ చీటీ రాసి నర్సుకు పంపుతుందట. బన్నుకింత, పాలకింత, ఆపిల్ ముక్కలకింత. నర్సు దాన్నిబట్టి సూది మోతాదు చూసుకుంటుంది. నాకు ఈ సంగతి ఇప్పటిదాకా తెలియదు.

"అది నీ పని కాదు కదక్కా."

"పళ్లెంలో వడ్డించింది నేను. ఎంత పెట్టానో నాక్కాక గవర్నరుకు తెలుస్తుందా?"

జూన్ సమావేశంలో జనం మాట్లాడే సమయంలో తాను మాట్లాడతానంది. మనిషికి మూడు నిమిషాలు. ఇరవై రెండేళ్లుగా ఆ బళ్లో వండుతున్న మనిషి, ఒక్కసారి కూడా బోర్డు ముందుకొచ్చి నోరు విప్పింది లేదు. ఉత్తరం కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకుంది. నన్ను టైము చూడమని స్టవ్ మీది టైమరు గంట తిప్పి నా ముందు పెట్టింది.

బాగా చదివింది. మధ్యలో ఒక వాక్యం: "డబ్బు లేదని నాకు తెలుసు. ఏదో ఒకటి తియ్యక తప్పదనీ తెలుసు. కానీ ఇది మాత్రం వద్దు, దీని బదులు ఇంకేదైనా తీసెయ్యండి."

"ఆ వాక్యం తీసెయ్యక్కా," అన్నాను.

"ఏం, తప్పుందా?"

"మూడు నిమిషాలు దాటుతోంది."

దాటలేదు. రెండు నిమిషాల నలభై సెకన్లే.

మే 30

ఓరిన్ స్కార్ బీపీ మాత్రల కోసం వచ్చి కౌంటరు దగ్గరి కుర్చీలో కూలబడ్డాడు. డెబ్భై ఏడేళ్లు, ఒకప్పుడు బంగాళాదుంపల రైతు. పద్నాలుగేళ్లుగా బోర్డులో ఉన్నాడు, ప్రతి గంపగుత్తకూ వద్దంటాడు. చదవడానికి టైమివ్వకుండా ఓటడుగుతారా అని అతని కోపం. మొదట్లో అందరూ వాదించేవాళ్లు. ఇప్పుడు అతని వద్దు వినిపించడానికి ముందే బోర్డు గుమస్తా రాసేసుకుంటుంది.

"అమ్మాయ్, నర్సు సంగతి మళ్లీ తెరిపించాలి," అన్నాడు.

"తెరిపించండి పెద్దాయనా, ఎవరాపారు?"

"నిబంధనలు ఆపాయి. ఓటయిపోయినదాన్ని తిరగదోడాలంటే నెగ్గిన పక్షంలో ఉన్నోళ్లు అడగాలి. ఓడినోడికి ఆ హక్కు లేదు. లేకపోతే నాలాంటోడు ప్రతి నెలా ప్రతిదీ తెరిపిస్తా కూచుంటాడని పెట్టారు. నిజమే, కూచునేవాణ్ణే." తన మాటకు తానే నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు. "అదీ వచ్చే సమావేశంలోనే అడగాలి. అది దాటితే ఇంతే సంగతులు. పద్నాలుగేళ్లు వద్దు వద్దన్నాను, తీరా ఒక్కటి ఆపాల్సొచ్చేసరికి నా వద్దు ఎందుకూ పనికిరాకుండా పోయింది."

"మిగతావాళ్లను అడగకపోయారా?"

"నలుగురిని అడిగా. ముగిసిన పంచాయితీ అన్నారు. నువ్వున్నావుగా. ఏనాడూ దేనికీ వద్దనవు, నీ ఓటుకి మంచి పేరుంది." వెటకారమో కాదో ముసలాయన ముఖం చూస్తే తెలియదు. "నువ్వు ఆ పేజీ చూళ్లేదటగా. అదే చెప్పు. చూళ్లేదు, ఇప్పుడు చూశాను, తెరవండి అను. సిగ్గుపడాల్సింది ఏముంది?"

మాత్రల సంచీ చేతికిచ్చి, భోజనం తర్వాత వేసుకోమన్నాను. ముప్పై ఏళ్లుగా అవే మాత్రలు వేసుకుంటున్నాడు.

జూన్ 2

చూశాను.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో కూడా అబద్ధం రాస్తున్నానంటే నా అంత దద్దమ్మ ఉండదు.

ఏప్రిల్ 30న వీమ్స్ గారు నన్ను ఒక్కదాన్నే తన గదికి పిలిచారు. బల్ల మీద రెండు కాగితాలు. నార్డెన్ బళ్లో ఏదో ఒకటి తియ్యాలి. ఒక కాగితం మీద నర్సు, మూడు రోజుల కోత. రెండోదాని మీద వంటగది. వంటగది మూసేస్తే భోజనాలు ఊళ్లోని పెద్ద బడి నుంచి వేడి పెట్టెల్లో వస్తాయి, వంటమనిషి ఉద్యోగం పోతుంది. మిగిలే డబ్బు రెండింటికీ దాదాపు ఒకటే. "మీ ఇష్టం అడగడం లేదండీ, మీ ప్రాంతం గనక ముందే చూపిస్తున్నాను," అన్నారు.

అక్కకు ఇంకో రెండేళ్లు చేస్తే పూర్తి పింఛను. బావ వెన్ను విరిగాక ఆ ఇంట్లో ఆమె జీతం ఒక్కటే. ఇవన్నీ వీమ్స్ గారికి తెలుసు. అక్క పేరు ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

వంటగది కాగితాన్ని తీసి బోర్లా పెట్టాను. అంతే చేశాను. ఆయన తలూపి నర్సు కాగితాన్ని ఫైల్లో పెట్టుకున్నారు.

మే 14న అధ్యక్షుడు రోజర్ జాబితా పైకెత్తి, "ఎవరైనా ఏదైనా బయటికి లాగాలా?" అని అడిగినప్పుడు నేను మంచినీళ్లు తాగాను. పదకొండో పేజీ అప్పటికి మూడుసార్లు చదివాను.

జూన్ 5

అక్కకు చెప్పేద్దామని ఫోను చేశాను. పెరట్లో రూబార్బ్, ఆ పుల్లటి కాడలు, బాగా వచ్చాయంది. జామ్ చేద్దామా, కేకు చేద్దామా అని అరగంట మాట్లాడుకున్నాం. జామ్.

జూన్ 7

అక్కకు చెబితే తన వంటగది ఉంచమనే అంటుంది. ఎవరైనా అంటారు. అప్పుడు నేను ఇంక కదల్లేను. అందుకని చెప్పకపోవడమే మంచిది. చెప్పకుండా నేనే ఆ అంశం తెరిపించేస్తే ఆమె మీద ఆ బరువు పడదు. ఇది ఆమె కోసమే.

ఇంకోసారి చదివితే ఇది కూడా బోర్డు కాగితంలాగే ఉంది.

జూన్ 10

రోజర్ స్టెన్‌లండ్ హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాను. మేకుల డ్రాయర్లు సర్దుతున్నాడు.

"రేపు నర్సు సంగతి తిరగదోడమని అడగబోతున్నాను."

"అయ్యో దేవుడా, లవాన్, నువ్వూ మొదలెట్టావా? ఓరిన్ గాలి సోకిందా?"

"నిబంధన ఒప్పుకుంటుందా లేదా?"

"ఒప్పుకుంటుంది. కానీ మన ఆనవాయితీ తెలుసుగా. తీసినదాన్ని మళ్లీ పెట్టమన్నవాళ్లే దాని బదులు ఏం తియ్యాలో చెప్పాలి. గాల్లో పెట్టమంటే ఎవరూ ఓటెయ్యరు. ఏం తీస్తావ్?"

"రేపు చెబుతా."

అతను మేకులు వదిలేసి నా ముఖంలోకి చూశాడు. అతనికి తెలుసు. వీమ్స్ గారు అతనికీ రెండు కాగితాలు చూపించే ఉంటారు.

"ఆర్డిస్‌కి చెప్పావా?" అని మెల్లగా అడిగాడు.

"చెప్తాను."

రేపు ఇద్దరం అక్క ట్రక్కులోనే వెళ్తున్నాం. ఇరవై ఆరు మైళ్లు. దారిలో చెప్తాను.

జూన్ 12

దారిలో చెప్పలేదు. అక్క తన మూడు నిమిషాలూ బట్టీ పడుతూ వచ్చింది. మధ్యలో ఆపితే మర్చిపోతానంది.

సమావేశం ఎప్పటిలాగే పెద్ద బడి గ్రంథాలయంలో. ముప్పై మంది దాకా వచ్చారు, మామూలుగా ముగ్గురు వస్తారు. పిల్లల కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూచున్నారు. రషెల్ లారీ బట్టల్లోనే వచ్చింది. అక్క చర్చికి వేసుకునే నీలం గౌనులో మూడో వరసలో కూచుంది. పేరు పిలవగానే లేచి, మైకు వద్దని చేత్తో తోసేసి మాట్లాడింది. ఇరవై రెండేళ్లు కేకలేసి పిల్లల్ని వరసలో నిలబెట్టిన గొంతు, మైకు ఎందుకు?

ఆ వాక్యం తియ్యలేదు. "ఇది మాత్రం వద్దు, దీని బదులు ఇంకేదైనా తీసెయ్యండి," అని ఏడుగురినీ వరసగా చూసింది. నా దగ్గరికొచ్చేసరికి కొంచెం నవ్వింది. చప్పట్లు కొట్టకూడదని రోజర్ సుత్తితో బల్ల కొట్టాడు, అయినా కొట్టారు.

పాత అంశాల వంతు రాగానే నేను చెయ్యెత్తాను.

"మే 14 జాబితాలో ఇరవై మూడో అంశాన్ని తిరగదోడాలని కోరుతున్నాను. నేను ఆ రోజు సరేనన్నదాన్ని." అక్కడితో ఆపొచ్చు. ఓరిన్ చెప్పమన్న మాట నోటి చివరే ఉంది, చూడలేదు అని. "ఆ పేజీ నేను ముందే చదివాను. చదివే ఓటేశాను."

ఓరిన్ బలపరిచాడు. పేర్లు పిలిచారు. ఓరిన్ "అవును" అంటే బోర్డు గుమస్తా అలవాటు కొద్దీ వద్దు గడిలో గీత పెట్టబోయి ఆగి, "అవునాండీ?" అని మళ్లీ అడిగింది. "అవునంటే అవునే తల్లీ, చెవుడా?" అన్నాడు. నాలుగు–మూడు. అంశం మళ్లీ తెరుచుకుంది.

రోజర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే లవాన్. నర్సును పెడితే బదులు ఏం తియ్యాలి?"

అక్క వైపు చూడలేదు. "నార్డెన్ వంటగది," అన్నాను. "భోజనాలు పెద్ద బడి నుంచి పంపొచ్చు. ఆ లెక్క వీమ్స్ గారి దగ్గర ఏప్రిల్ నుంచే ఉంది. అక్కడ వండేది మా అక్క, కాబట్టి దీని మీద నేను ఓటు వెయ్యను."

నేను లేకుండా నాలుగు–రెండుతో నెగ్గింది. నర్సు ఐదు రోజులూ ఉంటుంది. రషెల్ ఏడ్చింది. వెళ్లేటప్పుడు నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత అక్క దగ్గరికి వెళ్లబోయి మధ్యలోనే ఆగిపోయింది.

ఎనిమిదింటికి బయటికొచ్చాం. ఇంకా ఎండ ఉంది. అక్క ట్రక్కు తాళం తీసి, నా వైపు తలుపు కూడా తనే లోపల్నుంచి తెరిచింది. మోకాలి వల్ల నాకు ఎక్కడం కష్టమని చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకుని ఎక్కాను.

పదిహేను మైళ్లు పోయి, బెంట్ రివర్ వంతెన దాటాక అడిగింది.

"ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"ఏప్రిల్ ముప్పై."

"అంటే మొన్న మా ఇంట్లో నేను చదువుతున్నప్పుడే తెలుసన్నమాట."

"తెలుసు."

"అందుకా తీసెయ్యమన్నావ్."

"ఊఁ."

"నర్సు ఉండాలి," అంది. "దాని గురించి నాకు గొడవ లేదు. ఆ పిల్ల పళ్లెం రోజూ చూసేదాన్ని, నాకు తెలీదా? నువ్వివాళ చేసినదాంట్లో నేను వద్దనేదేమీ లేదు."

"మరైతే కోపమెందుకక్కా?"

"కోపం కాదే." ఎదురుగా వచ్చే కారుకు దారిచ్చింది. "నాకు ముందే చెప్పుంటే నేనే లేచి అనేదాన్ని. నా వంటగది తీసుకోండి, నర్సును ఉంచండి అని, మైకు లేకుండా, అందరూ వినేలా. ఇరవై రెండేళ్లు చేసిన పని, ఇచ్చేదేదో నా చేత్తో నేనిచ్చేదాన్ని. ఇప్పుడేమైంది? ఇంకేదైనా తీసెయ్యండని గొప్పగా చెప్పొచ్చి కూచున్నాక, నా చెల్లెలు లేచి నన్ను తీయించింది. ఊళ్లో ఇంక ఇదే చెప్పుకుంటారు."

"నువ్వు ఒప్పుకోవేమోనని భయపడ్డానక్కా. పింఛను, బావ..."

మా గేటు ముందు ట్రక్కు ఆపింది. ఇంజను ఆపలేదు.

"అదే నేనడిగేది. ఒప్పుకోనని ఎలా అనుకున్నావే? అరవై మూడేళ్ల మనిషిని. నువ్వు పుట్టినప్పట్నుంచీ చూస్తున్నావు నన్ను. నేను ఒప్పుకోనని నీకెవరు చెప్పారు?"

దిగాను. నేను తలుపు వేసేదాకా ఆగి, నేను మెట్లెక్కేదాకా కూడా ఆగి, వెళ్లిపోయింది.

నాకెవరూ చెప్పలేదు. నేనే ఆమె స్థానంలో ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు. అందుకే ఆమె కూడా ఒప్పుకోదనుకున్నాను. పొద్దుట్నుంచీ ఫోను ఒళ్లో పెట్టుకుని కూచున్నాను, ఈ ముక్క ఆమెకు చెబుదామని. రెండుసార్లు నంబరు నొక్కి, అక్కడ మోగేలోపే పెట్టేశాను.